తూర్పు నుంచి ఆగ్నేయానికి: పరిగిలో ఛానళ్ల వెదుకులాట

హైదరాబాద్‌కు పడమర దిక్కున సుమారు 70 కిలోమీటర్ల దూరంలో ఉన్న పరిగి, 1977 అక్టోబరు 23న రాజధానిలో దూరదర్శన్ కేంద్రం ప్రసారాలు ప్రారంభించే నాటికి హైదరాబాద్ జిల్లాలోనే ఉండేది. రంగారెడ్డి జిల్లా ఆ మరుసటి ఏడాది, పరిగి ఇప్పుడున్న వికారాబాద్ జిల్లా 2016లో ఏర్పడ్డాయి. పాలనలో రాజధానికి అంత దగ్గరైనా, తరంగాల లెక్కలో మాత్రం ఈ ఊరు అంచునే ఉంది. టవరు నుంచి వెలువడే టీవీ తరంగాలు దాదాపు తిన్నగా సాగుతూ, భూమి వంపును దాటి ఎక్కువ దూరం పోలేక, దగ్గరలోని అనంతగిరి కొండల ప్రాంతం వంటి ఎత్తుపల్లాల నేలలో మరింత బలహీనపడతాయి.

అందువల్ల ఇటువంటి ఊళ్లలో టీవీ కొనడమంటే ఇంటిపై ఎత్తైన గొట్టం పాతి, దాని కొసన అల్యూమినియం కడ్డీల యాంటెనాను బిగించడం కూడా. జపాన్ ఇంజినీర్లు ఉడా, యాగీ 1926లో లోకానికి వెల్లడించిన ఈ అమరిక తాను చూసే దిక్కు నుంచి వచ్చే తరంగాన్నే బలంగా పట్టుకుంటుంది కనుక, పరిగిలో అది తూర్పుకు, కాస్త ఈశాన్యం వైపు మళ్లి, నిలవవలసి వచ్చేది. గాలివానకు గొట్టం తిరిగిపోతే తెరంతా చుక్కలే. ఒకరు పైకెక్కి గొట్టం తిప్పడం, మరొకరు తెర ముందు నిలబడి బొమ్మ వచ్చిందో లేదో కేకేసి చెప్పడం, అదీ చాలకపోతే సంకేతాన్ని పెంచే బూస్టరు అనే చిన్న పెట్టెను తగిలించడం ఆనాటి వెదుకులాట. 1987 జనవరి 25న రామాయణం, 1988 అక్టోబరు 2న మహాభారత్ ధారావాహికలు మొదలయ్యాక ఆదివారం ఉదయాన ఈ శ్రమకు విలువ ఎంతగానో పెరిగింది. ఛానల్ ఒక్కటే అయినా దాన్ని దక్కించుకోవడంలో ఇంటిల్లిపాదికీ పాత్ర ఉండేదన్నది ఈ చరిత్రలో మరువరాని విషయం.

1995లో జెమిని, ఈటీవీ రావడంతో కేబుల్ వ్యాపారం విస్తరించి, వెదికే పని ఇంటి నుంచి ఆపరేటరు చేతికి మారింది, దాంతోపాటే నెలనెలా చందా కూడా వచ్చింది. చందా లేని మార్గం 2004 డిసెంబరు 16న 33 ఛానళ్లతో మొదలైన దూరదర్శన్ ఉపగ్రహ సేవ డీడీ డైరెక్ట్ ప్లస్. నేటి డీడీ ఫ్రీ డిష్ అదే. భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశంపై నిలిచిన ఉపగ్రహం నుంచి ఈ ప్రసారాలు వస్తాయి కనుక పరిగిలో డిష్ ఆగ్నేయానికి తిరిగి, కొండగుట్టల అడ్డు లేనంత పైకి చూస్తుంది. ఈలోగా నేల టవర్ల కాలం ముగిసింది: దూరదర్శన్ 2016లో 16 నగరాల్లో డిజిటల్ భూతల ప్రసారాలు ప్రారంభించినా ఆ జాబితాలో హైదరాబాద్ లేదు, పాత అనలాగ్ టవర్లను కొన్ని సరిహద్దు, వ్యూహాత్మక ప్రాంతాల్లో తప్ప 2022 మార్చికల్లా ఆపివేయాలని దూరదర్శన్‌ను నడిపే ప్రసారభారతి నిర్ణయించింది.

గొట్టం తిప్పే పనికి నేటి వారసత్వం రిమోట్‌లోని స్కాన్. సెట్‌టాప్ బాక్సు ఒక్కొక్క పౌనఃపున్యాన్ని, అంటే తరంగం సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో ఆ సంఖ్యను, వరుసగా పరీక్షించి, సంకేతం దొరికిన చోట ఆగి, అందులోని ఛానళ్ల పట్టికను చదివి తన జ్ఞాపకంలో రాసుకుంటుంది. ప్రసారకర్త అమరిక మార్చినప్పుడు ఆ పట్టిక పాతబడుతుంది, మళ్లీ స్కాన్ చేయాలి. అమెరికాలో 2009 జూన్ 12న పూర్తి శక్తి గల కేంద్రాల అనలాగ్ ప్రసారాలు నిలిచినప్పుడూ, 2017 తర్వాత అనేక కేంద్రాల పౌనఃపున్యాలు మారినప్పుడూ, యాంటెనా వాడే అనేక ఇళ్లు ఈ పనే చేయవలసి వచ్చింది.

ఫ్రీ డిష్‌లో ప్రైవేటు ఛానళ్ల స్థానాలను ప్రసారభారతి ఏటా వేలం వేస్తుంది, కొత్త కేటాయింపులు సాధారణంగా ఏప్రిల్ 1 నుంచి అమలవుతాయి. ఆ స్థానాల్లో హిందీకి దక్కినంత చోటు తెలుగుకు దక్కకపోవడం న్యాయం కాదు, చందా కట్టలేని ఇళ్ల కోసం నడిచే వేదికలో ఆ ఇళ్ల భాషకు తగిన వాటా ఉండాలి. ఏప్రిల్‌లో చూస్తున్న ఛానల్ కనిపించకపోతే బాక్సు చెడిపోయిందని మెకానిక్ కోసం వెతికే ముందు పాఠకులు ఒకసారి స్కాన్ చేసి చూసుకోవాలి.