పెంపుడు పిల్లిలో జబ్బు లక్షణాలు – ఎలుకమందు పెట్టే రైతులు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

వడ్లు, మక్కలు నిల్వ ఉన్న ఇంట్లో పిల్లి ఉంటే ఎలుకల బెడద కొంత తగ్గుతుంది. హనుమకొండ జిల్లా పల్లెల్లో రైతులు పిల్లిని పెంచుకునేది ఎక్కువగా ఇందుకే. బర్రె పాలు తగ్గితే ఆ పూటే గమనిస్తాం. పిల్లి రెండు రోజులు తినకపోతే మాత్రం ‘బయట ఎక్కడో తిని ఉంటుంది’ అనుకుంటాం. పిల్లి నొప్పిని బయటపడనివ్వదు, అరవకుండా మూలకు నక్కుతుంది. మనకు తెలిసేసరికి జబ్బు ముదిరి ఉంటుంది.

ఒక యాసంగిలో నా సలహాతో వరి పొలంలో ఎలుకమందు పెట్టిన రైతు ఇంట్లో నాలుగో రోజున పిల్లి చనిపోయింది. ముందు రోజు నుంచే అది గరిసె కింద నుంచి కదల్లేదని, ముక్కు నుంచి రక్తం చుక్కలు పడ్డాయని ఆ ఇంటివాళ్లు తర్వాత చెప్పారు. మందు ఎలా పెట్టాలో చెప్పిన నేను పిల్లి సంగతి చెప్పలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ వ్యాసం.

రోజూ గమనించాల్సినవి

• తిండి: ఒక రోజంతా ఏమీ తినకపోతే అనుమానించాలి. రెండు, మూడు రోజులు తినకపోతే కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉంది.
• ఒళ్లు: ఆరోగ్యంగా ఉన్న పిల్లి రోజూ ఒళ్లు నాకి శుభ్రం చేసుకుంటుంది. వెంట్రుకలు అట్టకట్టి, మాసి ఉంటే ఒంట్లో బాగాలేనట్లే.
• కళ్లు: లోపలి మూల నుంచి తెల్లని పొర కంటిని కప్పుతుంటే జ్వరం, నీరసం లేదా మరో జబ్బు ఉండవచ్చు.
• చిగుళ్లు: గులాబీ రంగులో ఉండాలి. పాలిపోతే రక్తహీనత లేదా రక్తస్రావం, పసుపు రంగులో ఉంటే కామెర్లు అని అనుమానించాలి.
• శ్వాస: నిద్రలో నిమిషానికి 20–30 సార్లు ఉంటుంది. 40 దాటితే ప్రమాదం.
• శరీర ఉష్ణోగ్రత: 100.5–102.5 డిగ్రీల ఫారన్‌హీట్ మామూలే. తాకితే వెచ్చగా ఉందని జ్వరం అనుకోవద్దు.

వెంటనే తీసుకెళ్లాల్సిన లక్షణాలు

• మగపిల్లి మాటిమాటికీ మూత్రానికి కూర్చుని ముక్కుతున్నా చుక్క రాకపోవడం. మూత్రనాళం మూసుకుపోతే రెండు, మూడు రోజుల్లో ప్రాణం పోవచ్చు.
• నోరు తెరిచి రొప్పడం, ఫిట్స్, వెనుక కాళ్లు పడిపోవడం.
• పిల్లి కూనలకు ఆగని వాంతులు, రక్తంతో కూడిన విరేచనాలు.

ఎలుకమందు తగిలితే ఎలా తెలుస్తుంది?

జింక్ ఫాస్ఫైడ్: కడుపులోని ఆమ్లంతో కలిసి ఫాస్ఫిన్ అనే విషవాయువు తయారవుతుంది. సాధారణంగా కొద్ది గంటల్లోనే వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, వణుకు మొదలవుతాయి. వాంతికి వెల్లుల్లి వాసన రావచ్చు. దీనికి ప్రత్యేక విరుగుడు లేదు కాబట్టి ఆలస్యం చేయకూడదు. పాలు, అన్నం పెట్టవద్దు. తిండి పడితే ఆమ్లం పెరిగి వాయువు ఇంకా ఎక్కువగా తయారవుతుంది. ఆ వాయువు మనకూ ప్రమాదమే. తలుపులు తెరిచి ఉంచాలి.

బ్రోమోడయోలోన్: ఇది రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. మందు తిన్న ఎలుకను పిల్లి తిన్నా విషం ఎక్కవచ్చు. లక్షణాలు వెంటనే కాక సాధారణంగా మూడు నుంచి ఐదు రోజులకు బయటపడతాయి. నీరసం, పాలిపోయిన చిగుళ్లు, ఆయాసం, ముక్కు లేదా మలద్వారం నుంచి రక్తం కనిపిస్తాయి. దీనికి విటమిన్ కె1 విరుగుడుగా పనిచేస్తుంది. డాక్టర్ చెప్పినన్ని వారాలు వాడాలి, పిల్లి లేచి తిరుగుతోందని మధ్యలో ఆపవద్దు.

ఏ మందైనా దాని ప్యాకెట్‌ను డాక్టర్‌కు చూపించండి.

చేయకూడనివి

• ఉప్పునీళ్లు, నూనె తాగించి వాంతి చేయించవద్దు. ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.
• పారాసెటమాల్ ఇవ్వవద్దు. 500 మిల్లీగ్రాముల మాత్రలో సగం కూడా పిల్లి ప్రాణం తీయగలదు.
• బర్రెలకు పిడుదుల కోసం వాడే మందులు పిల్లికి పూయవద్దు. ఒళ్లు నాకినప్పుడు అవి కడుపులోకి పోతాయి.

మందు పెట్టేటప్పుడు

సాయంత్రం బొరియలన్నీ మూసి, మర్నాడు తెరుచుకున్న వాటిలోనే మందు పొట్లం లోపలికి వేసి మట్టితో మూయాలి. గట్ల మీద చల్లవద్దు. చచ్చిన ఎలుకలను రోజూ ఏరి, చేతికి కవరు తొడుక్కుని, లోతుగా పూడ్చాలి. మందు పెట్టిన రోజు నుంచి రెండు వారాలు పిల్లిని పొలం వైపు పోనివ్వకుండా ఇంట్లోనే కడుపునిండా తిండి పెట్టాలి. ఇంట్లో, గరిసెల దగ్గర మందుకు బదులు బోనులు వాడాలి.

పిల్లి కరిచినా, గీరినా

సాధు పిల్లి ఉన్నట్టుండి మీద పడుతున్నా, చొంగ కారుస్తూ గొంతు మారినా రేబిస్‌ అని అనుమానించి దూరంగా ఉండాలి. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టాలి. పసుపు, కారం, సున్నం పెట్టవద్దు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషిని కాపాడటం దాదాపు అసాధ్యం. పిల్లికి మూడు నెలల వయసు నుంచి రేబిస్ టీకా వేయించాలి.

పిల్లి జబ్బుపడితే ముందుగా దగ్గరలోని పశువైద్యశాలను సంప్రదించండి. పశువుల సంచార వైద్య సేవల టోల్ ఫ్రీ నంబరు 1962కు ఫోన్ చేసి సలహా అడగవచ్చు. వరంగల్ మామునూరులో పశువైద్య కళాశాల కూడా ఉంది. ఎలుకమందు మోతాదుపై సందేహాలుంటే మీ రైతు వేదికలో వ్యవసాయ విస్తరణ అధికారిని అడగండి. మీ ఇంట్లో పిల్లి ఉందని ముందే చెప్పండి.