పొయ్యిలోని నిప్పు, ప్రభుత్వాల లెక్క

లాడ్ బజార్‌లోని లక్క గాజుల తళుకు మీకు తెలిసే ఉంటుంది. ఆ గాజులలో అనేకం పాతబస్తీ సందులలోని ఇరుకు ఇళ్లలోనే రూపుదిద్దుకుంటాయి. బొగ్గుల కుంపటి సెగకు లక్కను మెత్తబరచి, వేడి ఆరకమునుపే గాజుగా మలచి, అద్దాలూ రాళ్లూ పొదుగుతారు. 2024లో ఈ గాజులకు భౌగోళిక గుర్తింపు లభించింది. వాటిని చేసే స్త్రీ పీల్చే గాలి మాత్రం నేటికీ ఎవరి లెక్కలోనూ లేదు.

బొగ్గుకు పొగ తక్కువ గనుక హాని లేదని అనేకులు భావిస్తారు. నిజానికి కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు. చలికాలపు రాత్రి తలుపులు బిగించి, కుంపటి పెట్టుకొని నిద్రించిన కుటుంబాలు తెల్లవారి లేవకపోవడానికి కారణం అదే. ఇక కట్టెల పొగ నిదానంగా పని చేస్తుంది. ఏనాడూ బీడీ ముట్టని స్త్రీకి సీఓపీడీ, పసిబిడ్డకు న్యుమోనియా, తక్కువ బరువుతో కాన్పు, కంటి శుక్లం: వీటన్నిటితో ఆ పొగకు సంబంధం ఉన్నది.

ఇంటిలోని నిప్పుపై ప్రభుత్వానికి అధికారం ఉన్నదా? ఉన్నది. 1981 నాటి వాయు కాలుష్య నివారణ చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం, వాయు కాలుష్య నియంత్రణ ప్రాంతంగా ప్రకటించిన చోట ఆమోదం లేని ఇంధనాన్నీ, ఆమోదం లేని పొయ్యినీ రాష్ట్ర ప్రభుత్వం నిషేధించవచ్చును. ఆచరణలో ఆ చట్టం చూపు కర్మాగారాల పొగగొట్టాల మీదనే నిలిచింది. అంతకు పూర్వం ప్రభుత్వాలు పట్టించుకొన్నది పొగను కాదు, కట్టెను. నిజాం కాలపు 1355 ఫసలీ (1945) అటవీ చట్టమూ, దాని స్థానంలో వచ్చిన 1967 చట్టమూ, 1970 నాటి అటవీ ఉత్పత్తుల రవాణా నిబంధనలూ అడవి సంపదకు కాపలా కాచాయి. అడితి దాటి పొయ్యిలో చేరిన కట్టెను అడిగినవారు లేరు.

పొయ్యి మీద పన్ను వేసిన దేశం లేకపోలేదు. ఇంగ్లండులో 1662 నుండి ఒక్కొక్క పొయ్యికి ఏటా రెండు షిల్లింగులు వసూలు చేశారు. అది ఖజానా కోసమే తప్ప ఊపిరితిత్తుల కోసం కాదు. ప్రజాగ్రహానికి 1689లో రద్దయింది. లండన్‌ను 1952లో విషపు పొగమంచు ముంచెత్తిన తరువాత, 1956 చట్టం మరొక మార్గం పట్టింది. పొగ నిషేధించిన ప్రాంతాలలో గృహస్థు పొయ్యి మార్చుకొనే ఖర్చులో పదింట ఏడు వంతులు స్థానిక సంస్థే తిరిగి చెల్లించింది. ఈ మార్గమే వైద్యుడికి నచ్చుతుంది. పేదవాని పొయ్యిని నిషేధించి, బదులు ఏమీ ఇవ్వకపోతే అతడు పస్తు ఉండవలసి వస్తుంది.

మన రాష్ట్రంలోనూ 1999లో దీపం పథకం వచ్చింది. స్వయం సహాయక సంఘాల స్త్రీలకు గ్యాస్ కనెక్షన్ డిపాజిట్టును ప్రభుత్వమే చెల్లించింది. మంచి పని. కానీ రెండవ సిలిండరు ఎవరి డబ్బుతో కొనాలి? కనెక్షన్ పొందిన కుటుంబాలలో అనేకం కట్టెలనూ వదలలేదు. 2012 సెప్టెంబరులో కేంద్రం రాయితీ సిలిండర్లను ఏడాదికి ఆరుకు కుదించింది. నాలుగు నెలలకే తొమ్మిది, మరుసటి ఏడాది పన్నెండు చేసింది. ఈ మధ్యలో రేషన్ దుకాణం నీలి కిరోసిన్ అమ్ముతూనే ఉన్నది. ఇంటిలో కిరోసిన్ వాడకం తగదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో స్పష్టంగా చెప్పింది.

పన్ను సంగతి మరీ విచిత్రం. 2017లో వచ్చిన జీఎస్టీలో వంట గ్యాస్‌పై 5 శాతం. వంట చెరకుపైన, కట్టె బొగ్గుపైన సున్న. కట్టెపై పన్ను వేయుమని నేను కోరను, ఆ భారం పేదల మీదనే పడుతుంది. గ్యాస్‌పై ఆ 5 శాతం ఎందుకన్నదే నా ప్రశ్న.

2024 ఫిబ్రవరి నుండి తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద సిలిండరు 500 రూపాయలకు వస్తున్నది. అయితే ముందు పూర్తి ధర చెల్లించాలి, మిగిలిన సొమ్ము తరువాత బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఎన్ని సిలిండర్లన్నదానికి గడచిన మూడేళ్ల సగటు వాడకమే కొలత. కట్టెలూ బొగ్గులూ కాల్చి ఏడాదికి మూడు సిలిండర్లతో సరిపెట్టుకొన్న ఇల్లాలికి రాయితీ కూడా మూడింటికే.