దరువు కట్టినోళ్ల పేర్లేవి?

త్యాగరాజు కృతికి ముద్ర ఉంది. మాదిగ దరువుకు లేదు. అంతమాత్రాన దరువు దానంతటదే పుట్టిందా? పెండ్లికో తీరు, చావుకో తీరు, జాతరకో తీరు కట్టినోళ్లున్నారు. డప్పును మంటకు కాచి బిగువెక్కిస్తారు. ఎడమచేత చిటికెన పుల్ల, కుడిచేత సిర్ర. అన్నదమ్ములు, మేనమామలు నలుగురైదుగురు నిలబడితే ఒకరు ఎత్తుకుంటారు, మిగతావాళ్లు అందుకుంటారు. ఇది రచన కాదా? సంగీత చరిత్ర వీళ్లను రచయితలనలేదు. ఊరు వెట్టికి వాడుకుంది.

1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన దండోరా అదే డప్పుతో వాటా అడిగింది. అయినా డప్పును వదలాలా, పట్టాలా అన్న తగువు మా ఇండ్లల్లో తెగలేదు. వదలాల్సింది వెట్టిని, విద్యను కాదంటాం మేము. చదువుకున్న మనం తాతల దగ్గర కూర్చొని, ఏ దరువు ఎవరి దగ్గర నేర్చిండ్రో పేర్లతో సహా రాయాలి.