అయస్కాంతపు గదిలోకి వెళ్లేముందు

"ఎమ్మారై తీయించండి" అని డాక్టరుగారు చీటీ రాసివ్వగానే మనలో చాలామందికి గుండె గుభేలుమంటుంది. ఆ సొరంగంలాంటి మిషను ఒంట్లోకి ఏ కిరణాలు పంపుతుందోనని బెంగ. సోదరీమణులారా, దాని పుట్టుక కథ తెలిస్తే ఈ బెంగ సగం తీరుతుంది.

1946లో అమెరికాలో బ్లాక్, పర్సెల్ అనే శాస్త్రజ్ఞులు వేర్వేరుగా ఒక సంగతి కనిపెట్టారు. బలమైన అయస్కాంతం మధ్య ఉంచిన పదార్థానికి రేడియో తరంగాలు తగిలిస్తే, అందులోని హైడ్రోజన్ పరమాణు కేంద్రాలు బదులు పలుకుతాయట. మన ఒంట్లో ఎక్కువ పాలు నీరే. నీటిలో హైడ్రోజన్ ఉండనే ఉంది గదా! ఆ బదులును బొమ్మగా మలచే దారి 1973లో లాటర్‌బర్ చూపించారు. బొమ్మలు త్వరగా వచ్చే ఉపాయం మాన్స్‌ఫీల్డ్ చెప్పారు. 2003లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

ఈలోగా న్యూయార్కులో డమేడియన్ అనే డాక్టరు మిషను తయారుచేసి, ముందు తానే అందులో కూర్చున్నారు. బొమ్మ రాలేదు. ఆయనకేమీ కాలేదని చూశాక, సన్నగా ఉండే శిష్యుడు మింకాఫ్ 1977 జూలై 3న కూర్చున్నాడు. ఒక్క ఛాతీ బొమ్మకి దాదాపు 5 గంటలు పట్టింది! ఇప్పుడు చాలా పరీక్షలు గంటలోపే అయిపోతాయి.

మొదట్లో దీని పేరులో 'న్యూక్లియర్' అనే మాట ఉండేది. జనం అణుబాంబు గుర్తొచ్చి జడుసుకుంటారని తీసేశారు. నిజానికి ఇందులో ఎక్స్‌రే కిరణాలు లేవు, నొప్పీ లేదు. కదలకుండా పడుకోవాలి. డబడబమని పెద్ద చప్పుడవుతుంది. చెవులకు అడ్డు పెడతారు. గాభరా అనిపిస్తే నొక్కడానికి చేతికి ఓ బుడ్డి ఇస్తారు.

జాగ్రత్త పడవలసింది ఇనుము విషయంలో. మామూలుగా వాడే 1.5 టెస్లా అయస్కాంతం భూమి అయస్కాంత బలానికి సుమారు 30 వేల రెట్లు. స్కాను తీయనప్పుడు కూడా ఆ బలం ఉంటూనే ఉంటుంది. 2018 జనవరిలో ముంబయిలో, రోగికి తోడు వెళ్లిన ఓ యువకుడు ఆక్సిజన్ సిలిండరుతో ఆ గదిలోకి అడుగుపెట్టాడు. అయస్కాంతం సిలిండరుతోపాటు అతణ్ణీ లాగేసింది. ప్రాణం పోయింది.

కాబట్టి రోగే కాదు, తోడు వెళ్లేవారూ పిన్నీసులు, తలపిన్నులు, మెట్టెలు, ఫోను అన్నీ బయట పెట్టాలి. మంగళసూత్రం తీయడానికి మనసొప్పకపోతే పసుపుకొమ్ము దారం కట్టుకోండి. గుండెలో పేస్‌మేకరున్నా, ఆపరేషనులో క్లిప్పులు వేసినా, నెల తప్పినా మొహమాటపడక ముందే చెప్పండి. అడిగేదాకా ఆగకండి.