జహ్రా మట్టిగోడల మాట

జహ్రాకు వచ్చిన కొత్తలో ఒక సెలవునాడు పిల్లల్ని వెంటబెట్టుకుని ఎర్రకోట చూడబోయాను. ఎర్రకోట అనగానే మనకు ఢిల్లీ గుర్తుకొస్తుంది. ఇది మట్టికోట. షేక్ ముబారక్ పాలనాకాలంలో (1896-1915) కట్టినది. 1920 అక్టోబరు 10న జరిగిన జహ్రా యుద్ధంలో షేక్ సాలిం తన మనుషులతో ఇందులోనే నిలిచి పోరాడాడు. చరిత్రకు ఆ పోరాటమే ముఖ్యం. నన్ను ఆకట్టుకున్నవి మాత్రం గోడలు. బయట నిప్పులు చెరుగుతున్నా, లోపల అడుగుపెట్టగానే కడప జిల్లాలోని మా తాతగారి మట్టిమిద్దెలోకి వెళ్ళినట్లనిపించింది.

మందపాటి మట్టిగోడ వేడిని నెమ్మదిగా పీల్చుకుంటుంది. అది లోపలికి చేరేసరికి పొద్దు గూకుతుంది. ఆనాటి జహ్రా బావినీటితో ఖర్జూరపు తోటలు పెంచుకున్న పల్లె. మట్టి, నీరు, నీడ - ఈ మూడే దానికి రక్ష.

1938లో బుర్గాన్‌లో చమురు పడింది. 1946లో ఎగుమతి మొదలైంది. తర్వాత పల్లె పట్నమైంది. ఇళ్ళు కాంక్రీటువయ్యాయి, తారురోడ్లు పరుచుకున్నాయి. ఎడారి ఇసుక రాత్రి త్వరగా చల్లబడుతుంది. కాంక్రీటు, తారు మాత్రం పగలు తాగిన వేడిని రాత్రంతా కక్కుతూనే ఉంటాయి. పైగా ఏసీ లోపలి వేడిని తీసి వీధిలో పోస్తుంది.

ఇప్పుడు భూగోళమే వేడెక్కుతోంది. 2016 జూలై 21న మన జహ్రా గవర్నరేట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. ఆసియాలోనే అది అత్యధికమని ప్రపంచ వాతావరణ సంస్థ 2019లో ధ్రువీకరించింది. 2024 జూన్‌లో కరెంటు వాడకం తట్టుకోలేక కువైట్‌లో కొన్ని ప్రాంతాలకు వంతులవారీగా సరఫరా ఆపవలసివచ్చింది.

జూన్ నుంచి ఆగస్టు వరకు పగలు 11 నుంచి సాయంత్రం 4 దాకా ఆరుబయట ఎండలో పని చేయించడం ఇక్కడ నిషేధం. మంచి నియమమే. కాని నాలుగు కొట్టగానే గోడలు చల్లబడవు కదా! ఆ గోడల పక్కన ఇనుపచువ్వలు కట్టేవారిలో మన కడప, గోదావరి జిల్లాల సోదరులూ ఉన్నారు. మన గదిలోంచి పోయిన వేడి వాళ్ళ వీపులకే తగులుతోంది.

ఇంతకూ తప్పు నాదీ ఉంది. ఇక్కడి సంపాదనతో ఊళ్ళో తాతగారి మిద్దె పడగొట్టి కాంక్రీటు ఇల్లు కట్టించింది నేనే. వేసవిలో మా అమ్మ ఆ ఇంట్లో ఉండలేక వేపచెట్టు కింద మంచం వేసుకుంటోంది.

ఊళ్ళో ఇల్లు కట్టబోయే మిత్రులారా! మేస్త్రీతో మాట్లాడేముందు పిల్లలతో ఒకసారి ఈ మట్టికోటకు వెళ్ళిరండి. ఇంటి ముందు వేపచెట్టు ఉంటే కొట్టించకండి. ఉగాదికి పువ్వూ ఇస్తుంది, వేసవికి నీడా ఇస్తుంది.