నెలలా, నిమిషాలా? – అయస్కాంత పునస్సంధానం కథ

1859 సెప్టెంబర్ 1వ తేదీ ఉదయం లండన్‌కు దక్షిణాన ఉన్న రెడ్‌హిల్‌లో రిచర్డ్ కారింగ్టన్ అనే ఖగోళ పరిశీలకుడు టెలిస్కోపు ద్వారా తెర మీద పడిన సూర్యబింబాన్ని చూస్తూ మచ్చల బొమ్మ గీస్తున్నాడు. ఉన్నట్టుండి ఒక పెద్ద మచ్చల గుంపు మీద రెండు తెల్లని వెలుగు ముక్కలు మెరిశాయి. సాక్షిని పిలుచుకు రావడానికి ఆయన పరుగెత్తాడు. నిమిషం లోపే తిరిగి వచ్చి చూస్తే వెలుగు అప్పటికే బాగా తగ్గిపోయింది. మొత్తం వ్యవహారం అయిదు నిమిషాల్లో ముగిసింది. అదృష్టవశాత్తు రిచర్డ్ హాడ్జ్‌సన్ అనే మరొకాయన కూడా దాన్ని విడిగా చూశాడు. లేకపోతే కారింగ్టన్ మాట ఎవరు నమ్మేవారు?

ఆ తరువాత సుమారు 17 గంటలకు భూమి మీద దిక్సూచులు ఊగిపోయాయి, టెలిగ్రాఫ్ తీగల్లో నిప్పురవ్వలు లేచాయి. బొంబాయిలోని కొలాబా వేధశాలలో అయస్కాంత క్షేత్రాన్ని క్రమం తప్పకుండా నమోదు చేసేవారు. సెప్టెంబర్ 2న అక్కడ క్షితిజ సమాంతర క్షేత్రం దాదాపు 1600 నానోటెస్లాలు పడిపోయింది. పాత రిజిస్టర్లలో ఉండిపోయిన ఆ అంకెల ప్రాధాన్యం 2003లో వెలువడిన ఒక పరిశోధన పత్రంతో గాని ప్రపంచానికి తెలియలేదు. ప్రతిరోజూ విసుగు లేకుండా అంకెలు రాసి పెట్టే పనిని మనం చిన్నచూపు చూస్తాం గాని, ఆ మహా తుఫాను తీవ్రతను లెక్కకట్టడానికి నేటికీ ఆ అంకెలే ఆధారం.

సూర్యుడి మీద అంత శక్తి ఎక్కడ దాగి ఉంది? 1908లో అమెరికాలోని మౌంట్ విల్సన్ వేధశాలలో జార్జ్ ఎలరీ హేల్ సూర్యుడి మచ్చల్లో బలమైన అయస్కాంత క్షేత్రం ఉందని వర్ణపట రేఖల చీలికను బట్టి కనిపెట్టాడు. అది భూమి క్షేత్రానికి కొన్ని వేల రెట్లు. మరుసటి ఏడాది మన కొడైకెనాల్ వేధశాలలో జాన్ ఎవర్‌షెడ్ మచ్చల్లోని వాయువు సుడి తిరగడం లేదనీ, మధ్య నుంచి బయటికి పారుతోందనీ చూపాడు. మొత్తానికి సౌర జ్వాలలకు కావలసిన ఇంధనం అయస్కాంత క్షేత్రంలోనే నిల్వ ఉందని క్రమంగా అర్థమైంది. ఇక తేలవలసింది ఆ నిల్వ నిమిషాల్లో ఎలా ఖర్చవుతుందన్నది. మన కథ అసలు ఇక్కడే మొదలవుతుంది.

అయస్కాంతం చుట్టూ ఇనుప రజను చల్లితే గీతలు ఏర్పడటం మీరు ప్రయోగశాలలో చూసే ఉంటారు. వాటినే బలరేఖలు అంటాం. సూర్యుడి చుట్టూ ఉన్నది మామూలు వాయువు కాదు. ఎలక్ట్రాన్లు, అయాన్లు విడివిడిగా తిరిగే ప్లాస్మా. ఇది చాలా మంచి విద్యుద్వాహకం. స్వీడన్ శాస్త్రవేత్త హానెస్ ఆల్ఫ్‌వెన్ 1940లలో చెప్పినదాని ప్రకారం ఇలాంటి ప్లాస్మాలో బలరేఖలు బందీలవుతాయి. బెల్లం పాకంలో ఒక దారం పడేశామనుకోండి. పాకం సాగితే దారం సాగుతుంది, పాకం మెలి తిరిగితే దారం మెలి తిరుగుతుంది. పాకాన్ని కాదని దారం ఒంటరిగా కదలలేదు. మెలి తిప్పిన రబ్బరులో శక్తి చేరినట్టే మెలి తిరిగిన బలరేఖల్లోనూ శక్తి చేరుతుంది. అయితే దారం తెగనిదే ఆ శక్తి బయటకు రాదు. ఆదర్శ ప్లాస్మాలో దారం తెగదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. బలరేఖలు నిజమైన దారాలు కావు. తెగడం, అతుక్కోవడం అన్నవి మన సౌకర్యం కోసం వాడే మాటలు. నిజంగా మారేది ఒక్కొక్క చోట క్షేత్రం పరిమాణం, దిశ. ఈ ఆలోచనకు పునాది వేసిన ఆల్ఫ్‌వెనే తరువాతి రోజుల్లో ఈ భాష మీద గట్టిగా అభ్యంతరం చెప్పాడు. ఆయన హెచ్చరిక గుర్తుంచుకుందాం గాని, రేఖల భాష లేకుండా ఈ పాఠం చెప్పడం కష్టం.

1946లో ఆస్ట్రేలియాకు చెందిన రొనాల్డ్ జియోవనెల్లి ఒక సూచన చేశాడు. రెండు వ్యతిరేక దిశల క్షేత్రాలు కలిసేచోట క్షేత్రం సున్నా అవుతుంది. అటువంటి శూన్య బిందువు దగ్గర విద్యుత్ ఉత్సర్గం జరిగి జ్వాల పుట్టవచ్చు. కేంబ్రిడ్జిలో ఫ్రెడ్ హాయిల్ ఈ సమస్యను తన విద్యార్థి జేమ్స్ డంజీకి అప్పగించాడు. శూన్య బిందువు దగ్గర విద్యుత్ ప్రవాహం పలచని పొరలా చేరుతుందనీ, అక్కడ బలరేఖలు తెగి వేరే జతలుగా అతుక్కోగలవనీ డంజీ 1953లో చూపాడు. దీనినే నేడు అయస్కాంత పునస్సంధానం అంటున్నాం. జియోవనెల్లి పేరు పాఠ్యపుస్తకాల్లో అరుదుగా కనబడటం అన్యాయమని నా అభిప్రాయం.

1961లో డంజీ ఇదే ఆలోచనను భూమికి అన్వయించాడు. పగటి వైపున భూమి క్షేత్రం దక్షిణం నుంచి ఉత్తరానికి చూస్తుంది. సూర్యుడి నుంచి వచ్చే క్షేత్రం దక్షిణానికి తిరిగి ఉంటే రెండూ ఎదురెదురవుతాయి. అప్పుడు భూమి రేఖలు తెగి సూర్యుడి రేఖలతో కలుస్తాయి. సౌర పవనం వాటిని రాత్రి వైపుకు ఈడ్చుకుపోతుంది. అక్కడ భూమి వెనుక సాగిన తోకలో అవి మళ్లీ అతుక్కుని, కణాలను భూమి వైపు విసురుతాయి. ధ్రువాల దగ్గర ఆకాశంలో కనిపించే రంగుల కాంతులకు మూలం ఇదే. సౌర పవనం నిరంతరం వీస్తోందని మారినర్ 2 నౌక నిస్సందేహంగా తేల్చింది 1962లో. అంటే డంజీ అంతకు ముందే ఈ చిత్రాన్ని గీశాడన్నమాట!

ఇక లెక్కకు వద్దాం. 1956లో స్టాక్‌హోంలో జరిగిన సదస్సులో పీటర్ స్వీట్ ఒక నమూనా వివరించాడు. అది విన్న యూజీన్ పార్కర్ 1957లో దానికి లెక్క కట్టాడు. ఒక జ్వాల ప్రాంతం పొడవు 10 వేల కిలోమీటర్లనీ, అక్కడ అయస్కాంత తరంగం వేగం సెకనుకు వెయ్యి కిలోమీటర్లనీ అనుకోండి. తరంగం ఆ దూరం దాటడానికి పట్టేది 10 సెకన్లు. కేవలం విద్యుత్ నిరోధం వల్లనే క్షేత్రం కరిగిపోవాలంటే దాదాపు 3 లక్షల సంవత్సరాలు కావాలి. స్వీట్–పార్కర్ నమూనాలో ఇది సుమారు కోటి సెకన్లకు, అంటే నాలుగు నెలలకు తగ్గుతుంది. గొప్ప మెరుగుదలే! కాని కారింగ్టన్ చూసిన జ్వాల అయిదు నిమిషాల్లో ఆరిపోయింది.

ఆలస్యం ఎందుకు? సినిమా వదిలాక హాలు ఎంత పెద్దదైనా, తలుపు ఇరుకైతే జనం బయటపడటానికి సమయం పడుతుంది. ఈ నమూనాలో విద్యుత్ పొర చాలా పొడవు, చాలా పలచన. లోపలికి వచ్చిన ప్లాస్మా అంతా ఆ సన్నని అంచుల్లోంచే పోవాలి.

1963లో హ్యారీ పెట్‌షెక్ తలుపును వెడల్పు చేశాడు. పొర పొట్టిగా ఉండి, దాని నుంచి నాలుగు దిక్కులా అఘాత తరంగాలు సాగితే ప్లాస్మాలో ఎక్కువ భాగం పొరలోకి రాకుండానే వేగం పుంజుకుంటుందన్నాడు. సదస్సులో ఉన్న స్వీట్, తాను వెతుకుతున్న పరిష్కారం ఇదేనని అక్కడికక్కడే ఒప్పుకున్నాడు. తన సిద్ధాంతం ఓడిపోయినా సంతోషించిన శాస్త్రవేత్త! కథ అక్కడితో ముగియలేదు. 1986లో డీటర్ బిస్క్యాంప్ కంప్యూటర్ మీద పరీక్షించగా, నిరోధం అంతటా ఒకేలా ఉంటే పెట్‌షెక్ పొట్టి పొర నిలవడం లేదు. మళ్లీ పొడవు సాగిపోతోంది.

ఈలోగా ప్రకృతి తన సాక్ష్యం తాను ఇస్తూనే ఉంది. టోకమాక్ అనే సంలీన యంత్రాల్లో ప్లాస్మా నడిమి ఉష్ణోగ్రత మెల్లగా పెరిగి, ఒక్కసారిగా పడిపోయి, రంపపు పళ్లలా కనిపించడం 1974లో గమనించారు. రష్యా శాస్త్రవేత్త కడోమ్‌త్సెవ్ దాన్ని పునస్సంధానంతో వివరించాడు. ఐసీ ఉపగ్రహాలు భూమి అయస్కాంత సరిహద్దు దగ్గర అతివేగ ప్లాస్మా ధారలను పట్టుకున్నాయని 1979లో వెల్లడైంది. 1992 జనవరి 13న జపాన్ నౌక యోకో, ఒక జ్వాల కమాను పైన, దానికి విడిగా, ఎక్స్-కిరణాల మూలాన్ని చూసింది. శక్తి కమానుకు పైనే విడుదలవుతోందనడానికి అది మంచి ఆధారం. 1995 నుంచి ప్రిన్స్‌టన్‌లో ఎంఆర్ఎక్స్ అనే యంత్రం ఈ ప్రక్రియను గది పరిమాణంలోనే జరిపించింది.

చిక్కుముడి రెండు వైపుల నుంచి విడింది. అయాన్లు బరువైనవి, ఎలక్ట్రాన్లు తేలికైనవి. పొర బాగా పలచబడ్డాక అయాన్లు ముందుగా రేఖలను వదిలేస్తాయి, ఎలక్ట్రాన్లు ఇంకా పట్టుకునే ఉంటాయి. ఈ తేడాను లెక్కలోకి తీసుకున్న అనుకరణలు 2001లో తలుపు తనంతట తానే తెరుచుకుంటుందని చూపాయి. పునస్సంధానం వేగం తరంగ వేగంలో పదోవంతు దాకా వచ్చింది. మన ఉదాహరణలో నాలుగు నెలలు 100 సెకన్లయ్యాయి! రెండోది, పొర మరీ పొడవైతే అది నిలకడ కోల్పోయి గొలుసులోని పూసల్లా ముక్కలవుతుంది. 2007లో లోరేరో బృందం, 2009లో ఖరగ్‌పూర్ ఐఐటీలో చదివిన అమితావ భట్టాచార్జీ బృందం దీన్ని వివరించాయి.

ఎలక్ట్రాన్లు కూడా రేఖలను వదిలేసే చోటును చూడటం మాత్రం మిగిలింది. 2015లో నాసా పంపిన ఎంఎంఎస్ నాలుగు నౌకల గుంపు. ఎలక్ట్రాన్లను ప్రతి 30 మిల్లీసెకన్లకు ఒకసారి కొలవగలదు. ఆ ఏడాది అక్టోబర్ 16న అది సరిగ్గా అటువంటి చోటు గుండానే దూసుకుపోయింది.

2023 సెప్టెంబర్ 2న శ్రీహరికోట నుంచి బయలుదేరిన మన ఆదిత్య–ఎల్1 నౌక, 2024 జనవరి 6న భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని కక్ష్యకు చేరింది. అదే ఏడాది మే నెలలో వచ్చిన పెద్ద తుఫాను రాత్రి లడఖ్‌లోని హాన్లే ఆకాశం ఎర్రబడింది. ఆదిత్య మీద ఉన్న మాగ్నెటోమీటరు సౌర పవనంలోని క్షేత్రం ఏ దిశలో ఉందో కొలుస్తుంది. దీని కొలతలను ఇస్రో అందరికీ అందుబాటులో ఉంచింది. కంప్యూటరు ముందు కూర్చునే వీలున్నవారు ఏదైనా అయస్కాంత తుఫాను తేదీని ఎంచుకుని, ఉత్తర–దక్షిణ అంశం గుర్తు ఋణాత్మకంగా మారిన గంటలను గుర్తించండి. ఆ పక్కనే భూమి మీది అయస్కాంత వేధశాలల గ్రాఫు పెట్టి, ఎంత ఆలస్యంగా క్షేత్రం పడిపోయిందో లెక్కకట్టండి.