కళను నేర్చుకోవడం వేరు, లాక్కోవడం వేరు

ఒకరి కళను ఇంకొకరు నేర్చుకుంటే తప్పా? తప్పేమీ లేదు. మన తంజావూరు చరిత్రే దీనికి సాక్ష్యం.

17వ శతాబ్దిలో మొవ్వ క్షేత్రయ్య రాసిన తెలుగు పదాలు తంజావూరు దాకా వచ్చాయి. 19వ శతాబ్ది మొదట్లో అక్కడ మరాఠా రాజుల కొలువులో చిన్నయ్య, పొన్నయ్య, శివానందం, వడివేలు అనే నలుగురు అన్నదమ్ములు ఉండేవారు. వాళ్లు తమిళులు. అయినా తెలుగులో ఎన్నో వర్ణాలు కట్టారు. వీణ ధనమ్మాళ్ కుటుంబం లాంటి దేవదాసీ కుటుంబాల స్త్రీలు క్షేత్రయ్య పదాలను తరతరాలుగా నేర్చుకుని కాపాడారు. వాటిలోని మువ్వగోపాల ముద్ర ఈనాటికీ అలాగే ఉంది. పాట వాళ్ల నోట బతికింది, కవి పేరూ బతికింది. దీన్నే ఆదరణ అంటాం.

ఆ స్త్రీలు ఆడే నాట్యాన్ని సదిర్ అనేవారు. దానికి ఇంకో కథ జరిగింది. దేవదాసీ వ్యవస్థలో ఆడపిల్లలకు అన్యాయం జరుగుతోందని డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి పోరాడారు. 1947 మద్రాసు చట్టం ఆడపిల్లలను గుడికి అంకితం ఇవ్వడాన్ని నిషేధించింది. అది కావలసిందే. కానీ అదే చట్టం గుళ్లో స్త్రీలు ఆడడాన్ని కూడా ఆపేసింది.

ఈలోగా ఆ నాట్యమే భరతనాట్యం అనే పేరుతో సభలకెక్కింది. పందనల్లూరు మీనాక్షిసుందరం పిళ్లై దగ్గర నేర్చుకున్న రుక్మిణీదేవి 1935లో అడయారులో ప్రదర్శన ఇచ్చారు, 1936లో కళాక్షేత్ర స్థాపించారు. ఆమె వల్ల ఎంతోమంది పిల్లలకు నాట్యం అందింది. ఇది మరిచిపోకూడదు. అయితే నాట్యాన్ని శుద్ధి చేశామని అప్పట్లో చాలామంది అన్నారు. అంటే అంతకుముందు ఆడినవాళ్లు మలినమనేగా అర్థం! కళకు గౌరవం పెరిగింది, దాన్ని కాపాడిన కుటుంబాల్లో చాలామంది మాత్రం వేదికకు దూరమయ్యారు. ధనమ్మాళ్ మనవరాలు బాలసరస్వతి లాంటి కొద్దిమందే నిలబడి, శృంగార పదాలను తలెత్తుకుని అభినయించారు.

కాబట్టి తేడా నేర్చుకోవడంలో లేదు. ఇచ్చినవాళ్ల పేరు చెబుతున్నామా? వాళ్లకూ మన పక్కన చోటు ఉందా? ఈ రెండూ అడగాలి. మన బడి వార్షికోత్సవంలో ఏటా భరతనాట్యం ఉంటుంది. ఈసారి మైకులో ఆడే పిల్లల పేర్లతో పాటు ఆ పాట ఎవరిదో, దాన్ని ఎవరు కాపాడారో కూడా చెబుదాం. అందుకు ఒక్క నిమిషం చాలు.